సరిచూసినవారు

త్రివేణి నోటుబుక్కులో ప్రతి పుటకూ ఆరు గడులు గీసి ఉండేవి: తేదీ, వేళ, పదార్థం, పరిమాణం, ఇచ్చినవారు, సరిచూసినవారు. నాచారం పారిశ్రామికవాడలో తాను పనిచేసే మందుల ఫ్యాక్టరీలో, ప్రతి ప్యాకింగు లైను పక్కనా వేలాడే పట్టికకు ఇది అచ్చమైన నకలు. తాత ఆగయ్యకు మూత్రపిండాలు చెడి, వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయించవలసి వచ్చిన నాటి నుంచి ఆయన గొంతు దిగిన ప్రతి గుక్కా ఈ గడులలోకి ఎక్కింది. రోజుకు ముప్పావు లీటరు నీళ్లు. అందులోనే చాయ్, అందులోనే మజ్జిగ, మాత్ర మింగే గుక్క కూడా అందులోనే. ఆ లెక్క తప్పకూడదని ఆమె పక్కన గీతలున్న ప్లాస్టిక్ గ్లాసు కొని తెచ్చింది. ఇంట్లో మరెవరూ ఆ గ్లాసు ముట్టుకోవడానికి వీలు లేదు.

గురువారం మధ్యాహ్నం, ఉప్పల్ రింగు రోడ్డుకు దగ్గరలోని డయాలిసిస్ కేంద్రంలో నాలుగో నంబరు మంచం పక్కన నిలబడి ఆమె ఆ రోజు పుటను మళ్లీ మొదటి నుంచి చదువుతున్నది. కుర్చీ ఉంది. కూర్చుంటే కాలు దానంతట అదే ఆడుతుంది. ఆ ఆడే కాలును చూస్తే తనకే చిరాకు. అందుకని నిలబడేది. మంచం పైన తాత కళ్లు మూసుకొని ఉన్నాడు. ఆయన ఎడమ చేతి నుంచి రక్తం ఒక గొట్టంలో యంత్రంలోకి పోయి, మరొక గొట్టంలో తిరిగి వస్తున్నది. కాళ్ల దగ్గర ఎత్తుపీట మీద మేనత్త సక్కుబాయి కూర్చుని తండ్రి అరికాళ్లు ఒత్తుతున్నది. రెండు బొటనవేళ్లనూ మడమ దగ్గర ఆనించి, అరికాలి మధ్యగా పైకి తోసి, వేళ్ల మొదళ్ల దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్లీ మడమకు దిగేది. నాలుగు గంటలసేపు ఆ చేతులు అదే దారిలో తిరిగేవి.

సక్కుబాయిది బోడుప్పల్. అక్కడి కొత్త అపార్ట్‌మెంట్లలో నాలుగిళ్లకు వంట చేస్తుంది. నాలుగేళ్లుగా ఆమె తమ్ముడి ఇంటి గడప తొక్కలేదు. అయితే డయాలిసిస్ కేంద్రం ఎవరి ఇల్లూ కాదు గనుక రెండు నెలలుగా ఇక్కడికి వచ్చేది. మొదటి వారం అత్తా మేనకోడలూ మాట్లాడుకోలేదు. రెండో వారం సక్కుబాయి తన టిఫిన్ డబ్బా మూత తీసి, "తిను పిల్లా, నిలవడి నిలవడి గట్లనే పడిపోతవ్" అన్నది. అందులో ఉడకబెట్టి, నీళ్లు వార్చి తాలింపు వేసిన బీరకాయ కూర. ఆ తరువాత డయాలిసిస్ రోజు వస్తుందంటే త్రివేణి ఆ డబ్బా కోసం ఎదురుచూడసాగింది. 'పిల్లా' అన్న పిలుపు ఎప్పుడు 'బిడ్డా' అయిందో ఇద్దరూ గమనించలేదు.

"మేడం, జర ఇటు రండి," అని టెక్నీషియన్ హృషికేశ్ పిలిచాడు. అతని చేతిలో ఇంకా వెచ్చగా ఉన్న రిపోర్టు కాగితం ఉంది. "పొటాషియం ఆరు పాయింట్ ఎనిమిది. ఐదు దాటొద్దని చెప్పినం గదా. కొబ్బరినీళ్లు, అరటిపండ్లు, గిట్లాంటివి ఏమన్న పెట్టిన్రా?"

"పెట్టలేదు. మొత్తం ఇందులో రాసి ఉంది."

"మీరు రాసింది సరే. మీరు లేనప్పుడు ఎవరన్న పెట్టిన్రేమో. ఇది గుండె మీదికొస్తది మేడం. మంచిగనే మాట్లాడుతుంటరు, మాట్లాడుకుంటనే ఆగిపోతది."

త్రివేణి వెనక్కి తిరిగి వచ్చింది. అంతవరకు చూపు ఆనని చోట, ఎత్తుపీట పక్కన పెట్టిన గుడ్డసంచి మూతిలోంచి ఆకుపచ్చగా ఏదో కనబడింది.

"అత్తమ్మా, ఆ సంచిలో ఏముంది?"

సక్కుబాయి చేతులు ఆపకుండానే చెప్పింది: "బొండం. పొద్దుగాల మైసమ్మకు సాక వోసిన, నాయిన కోసం మొక్కుకున్న. లోపల లేత కొబ్బరున్నది, ప్రసాదమని తెచ్చుకున్న."

"నీళ్లన్నీ మైసమ్మకే పోసినవా, తాతకేమన్నా తాపినవా?"

చేతులు అప్పుడు ఆగాయి. "నేను తాపలే, బిడ్డా."

"పొద్దున్న నేను బిల్లు కౌంటరు దగ్గరున్నప్పుడు నువ్వొక్కదానివే ఉన్నావు."

"ఉన్న. కాళ్లు ఒత్తుకుంట ఉన్న."

త్రివేణి గొంతు పెంచలేదు. గొంతు పెంచడం ఆమెకు నచ్చదు. ఫ్యాక్టరీలో తప్పు పట్టినప్పుడు మాట్లాడే ఆ చల్లని, కచ్చితమైన స్వరంతోనే పొటాషియం అంటే ఏమిటో, గుండె కండరాన్ని అది ఏం చేస్తుందో, కొబ్బరినీళ్లలో అది ఎంత ఉంటుందో మేనత్తకు వివరించింది. పక్క మంచాల వాళ్లు తలలు తిప్పి చూశారు. అంతలో డ్యూటీ దిగి ఆమె తండ్రి దయాకర్ వచ్చాడు. కూతురి చేతిలోని కాగితాన్నీ, అక్క సంచిలోని బొండాన్నీ చూశాడు; ఇక ఎవరినీ ఏమీ అడగలేదు.

"అక్కా, నీకు చేతులెత్తి మొక్కుత," అన్నాడు. "ఇగ రాకు."

సక్కుబాయి తండ్రి పాదాల మీద దుప్పటి కప్పింది. రెండు అంచులనూ మడమల కిందికి దోపింది. కొంగుతో చేతులు తుడుచుకొని, సంచి తీసుకొని, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయింది. ఆమె తెచ్చిన టిఫిన్ డబ్బా మంచం కిందనే ఉండిపోయింది.

*

శుక్రవారం రెండో లైను మీద జ్వరం మాత్రల అట్టపెట్టెలు నడుస్తున్నాయి. పెట్టె మీద బ్యాచి నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ సరిగ్గా పడ్డాయో లేదో అరగంటకొకసారి చూడటం త్రివేణి పని. ఒకరు పెట్టె చేతిలో పట్టుకొని పైకి చదవాలి; రెండో మనిషి బ్యాచి ఆర్డరు కాగితం మీద వేలు పెట్టి అక్షరం అక్షరం పోల్చాలి; ఆ తరువాత ఇద్దరూ చెరొక గడిలో సంతకం చేయాలి. మూడేళ్లుగా ఆమె చదివిన పెట్టెల్లో ఒక్కటీ వెనక్కి రాలేదు.

ఆ ఉదయం పక్క లైనులో గొడవైంది. అక్కడి ఆపరేటరు రద్దీలో రెండు గడుల్లోనూ తానే సంతకం పెట్టేశాడు. నాణ్యతా విభాగం అధికారి పట్టాభిరామయ్య గారు కళ్లజోడు నుదుటి మీదికి తోసుకొని ఆ కాగితాన్ని అందరికీ చూపించారు.

"చదివేవాళ్లు చదవాలి, చూసేవాళ్లు చూడాలి. ఒకే మనిషి రెండు సంతకాలు చేస్తే ఇక ఈ కాగితమెందుకు, నేనెందుకు? ఇందులో నీ నిజాయితీ సంగతి కాదయ్యా. ఎవరి తప్పు వాళ్లకు కనబడదు, అంతే. ఈ అమ్మాయిని చూడు, మూడేళ్లలో ఒక్కసారి చేసిందా ఇలాంటి పని?"

త్రివేణి తల వంచుకుంది. మామూలుగానైతే ఆ మాటకు రోజంతా కడుపు నిండినట్టుండేది. ఇవాళ మాత్రం పెట్టె చదువుతూ చదువుతూ ఒకే వరుసను రెండుసార్లు చదివింది. భోజనాల వేళ ఇంటికి ఫోన్ చేస్తే తల్లి శారద ఎత్తింది.

"తాత తిన్నడా?"

"ఏం తింటడే. రెండు ముద్దలు పెట్టుకొని పల్లెం నూకిండు. కూర సేదున్నదంటడు. పదిహేను దినాల సంది అదే మాట."

"ఆ జబ్బుకు నోరు అట్లనే ఉంటుందమ్మా. నాలుక మీద రుచి పోతుంది. చదివిన నేను. ఎన్ని ముద్దలు? రెండా, మూడా?"

"రెండున్నర," అని శారద ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం గేటు దాటి వచ్చేసరికి షేర్ ఆటోల వరుసలో మొదటిది సాయి కుమార్‌ది. సక్కుబాయి కొడుకు. నాచారం నుంచి ఉప్పల్ మీదుగా నాగోల్ దాకా ఆటో తిప్పుతాడు. త్రివేణి చూడనట్టు రెండో ఆటో వైపు అడుగు వేసింది.

"ఎక్కు డాక్టరమ్మా. ఆ ఆటోకు బ్రేకులు పడవ్. నా ఆటోకు పడతయ్, గని నా నోటికి పడవ్, అంతే తేడా."

వెనక సీట్లో అప్పటికే ఇద్దరు ఆడవాళ్లున్నారు. హబ్సిగూడ దగ్గర వాళ్లు దిగిపోయేదాకా అతడు రోడ్డు మీది లారీలనూ, మెట్రో స్తంభాలనూ తిడుతూ నడిపాడు. దిగిపోయాక అద్దం సవరించుకున్నాడు.

"మా అమ్మ నిన్నటి సంది నోట్ల మెతుకు పెట్టలే. నాలుగిండ్లల వండి పెట్టొచ్చింది. తను తినలే."

"బావా, రిపోర్టు అబద్ధం చెప్పదు."

"చెప్పదు. రిపోర్టు మా అమ్మ పేరు చెప్పిందా?"

త్రివేణి బయటికి చూసింది. సిగ్నల్ పడింది.

"నాలుగేండ్ల కింద గూడ గిట్లనే," అన్నాడు సాయి కుమార్, కోపం లేకుండా. "నన్ను జేసుకోనంటే అయిపోవు. మా కావ్య దొరికింది, నేను బతికిపొయ్యిన, నువ్వు బతికిపొయ్యినవ్. గని నువ్వు పుస్తకం దెచ్చి మా అమ్మ ముందల పెట్టినవ్. మేనరికం జేసుకుంటే పిల్లలెట్ల పుడతరో బొమ్మ జూపిచ్చినవ్."

"అది సైన్సు బావా. తప్పేం చెప్పలేదు."

"తప్పని ఎవరన్నరు? మా అమ్మది మేనరికమే. నా ముందల ఒక పిల్ల పుట్టి అయిదు దినాలు బతికింది. దేవుడు తీస్కపొయ్యిండని అప్పటి దాక అనుకున్నది. నీ బొమ్మ జూసొచ్చినంక నేనే సంపుకున్ననా అని మూడు దినాలు ఏడ్చింది."

సిగ్నల్ మారింది. ఆటో ఉప్పల్ చేరింది. దిగేటప్పుడు త్రివేణి ఏదో అనబోయింది. అతడు అప్పటికే "నాగోల్, నాగోల్" అని కేక వేస్తూ కదిలిపోయాడు.

*

శనివారం రిపోర్టులో అంకె ఆరు పాయింట్ తొమ్మిది.

సక్కుబాయి రాలేదు. బొండం లేదు. తాత ఇంట్లో తిన్నది ఏడు ముద్దలు, తాగింది ఆరువందల ఎనభై మిల్లీలీటర్లు. అయినా అంకె తగ్గలేదు సరికదా పెరిగింది. హృషికేశ్ డాక్టరును పిలుచుకు వచ్చాడు. తాత ఛాతీ మీద తీగలు అంటించి ఈసీజీ తీశారు. గీతలు చూసి డాక్టరు ఈసారి యంత్రం మీద ఒక గంట అదనంగా ఉంచుదామన్నారు. మంగళవారం కూడా ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చవలసి వస్తుందనీ, అప్పటిదాకా ఏమీ జరగదని తాను చెప్పలేననీ అన్నారు.

"సాయిగాడు వచ్చి పోతున్నడు ఇంటికి," అన్నాడు దయాకర్, వరండాలోకి వచ్చాక. "మొన్న నేను లేనప్పుడు వచ్చి తాతతోని కూసున్నడట. వాని చేత పంపుతున్నదేమో."

ఆ మాట నమ్మితే ఎంత సులువుగా ఉంటుందో త్రివేణికి అర్థమైంది. ఆ సులువు మీదనే అనుమానం కలిగింది. నోటుబుక్కును పదహారు రోజుల వెనక్కి తిప్పింది. అంతకు ముందు అంకె నాలుగు పాయింట్ తొమ్మిది. సొరకాయ, బీరకాయ, అన్నం, మజ్జిగ. అన్నీ డైటీషియను ఇచ్చిన పట్టికలో ఉన్నవే. ప్రతి వరుస చివరా రెండు సంతకాలు, రెండూ తనవే. తల్లికి ఈ లెక్కలు తెలియవు, తండ్రికి తీరిక లేదు. ఇక ఎవరు చేస్తారు? అప్పుడు పట్టాభిరామయ్య గారి నుదుటి మీది కళ్లజోడు ఎందుకో గుర్తుకు వచ్చింది. పుస్తకం మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ మూసింది.

మంచం దగ్గరికి వచ్చేసరికి తాత కాళ్లు కొంకర్లు పోతున్నాయి. ఎత్తుపీట ఖాళీగా ఉంది. ఆమె దాని మీద కూర్చుని, దుప్పటి తొలగించి, రెండు బొటనవేళ్లనూ మడమ దగ్గర ఆనించింది. అరికాలు చెక్కలాగా ఉంది. ఎండిన నేల మీద చెప్పులు లేకుండా నడిచిన పాదం అది. పది నిమిషాలయ్యేసరికి ఆమె వేళ్ల కీళ్లు నొప్పి పుట్టాయి. గోడ గడియారం చూసింది. నాలుగు గంటలు అంటే ఇలాంటి పది నిమిషాలు ఇరవై నాలుగు.

"సక్కూ," అన్నాడు తాత కళ్లు తెరవకుండా. "జర గట్టిగ ఒత్తు. చేతుల సత్తువ లేదేంది ఇయ్యాల?"

త్రివేణి గట్టిగా ఒత్తింది. తాను సక్కును కాదని చెప్పలేదు.

*

ఆదివారం అమావాస్య. ఉదయం పది గంటలకు, పాత ఉప్పల్‌లోని వాళ్ల ఇంటి ముందు ఆటో ఆగింది. సక్కుబాయి దిగింది. గడప ముందు చెప్పులు విడిచి, ఒక క్షణం ఆగి, కుడి కాలు లోపల పెట్టింది. హాలులో దయాకర్ పేపరు దించాడు. శారద వంటింటి తలుపు దగ్గరే నిలిచిపోయింది. ఎవరూ కూర్చోమనలేదు.

"నేనే రమ్మన్న," అన్నాడు ఆగయ్య మంచం మీది నుంచి. "సాయిగాని ఫోన్ల మాట్లాడిన. అమాస గద, దిష్టి తీస్తది. నా బిడ్డ నా ఇంటికి రావద్దని ఎవడంటడు?"

"ఎవలనలేదు నాయినా," అన్నాడు దయాకర్ పేపరు మళ్లీ ఎత్తుతూ.

సక్కుబాయి వంటింట్లోకి వచ్చింది. నాలుగేళ్లలో డబ్బాల స్థానాలు మారాయి. అయినా ఎండుమిరపకాయలు ఎక్కడున్నాయో వెతుక్కోకుండానే తీసుకుంది. "వదినా, ఉప్పు ఇగో," అని శారద స్టీలు డబ్బా అందించబోయింది.

"గది కాదు. నాయిన తినే ఉప్పేది? ఎవలకు తీస్తే వాండ్లు తినే ఉప్పే గావాలె. మా అవ్వ గట్లనే తీసేది."

త్రివేణి పై అరలో నుంచి గాజు సీసా తీసి ఇచ్చింది. దాని మీద ఆమె చేతిరాతతో అంటించిన చీటీ: 'తాత ఉప్పు. ఇతరులు వాడరాదు.' చప్పిడి కూడు తినలేక తాత పళ్లెం ముందు కళ్లనీళ్లు పెట్టుకుంటే చూడలేక ఆమె ఆన్‌లైన్లో వెతికి తెప్పించిన ఉప్పు అది. ప్యాకెట్టు ముందు వైపు పెద్ద అక్షరాలతో 'సోడియం అసలే లేదు' అని ఉంది. డాక్టరు తగ్గించమన్నది సోడియమే. ఆ రోజు ప్యాకెట్టును సీసాలోకి ఒంపుతూ ఆమె ఎంతో సంతోషపడింది.

సక్కుబాయి గుప్పెడు ఉప్పులో మిరపకాయలు, ఆవాలు కలిపి తండ్రి తల చుట్టూ మూడుసార్లు అటూ, మూడుసార్లు ఇటూ తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, నా దిష్టి, నా ఇంటోళ్ల దిష్టి," అని గొణిగింది. ఆగయ్య మూడుసార్లు గుప్పెట్లోకి ఉమ్మాడు. ఆమె ఆ గుప్పెడు అలాగే పట్టుకుని వంటింట్లోకి వచ్చి, గ్యాస్ పొయ్యి పెద్దగా వెలిగించి మంటలో చల్లింది. మిరపకాయలు నల్లబడి ఘాటు లేచింది. శారద దగ్గుతూ వెనక తలుపు తీయడానికి పోయింది.

"అయ్యో సూడు బిడ్డా," అన్నది సక్కుబాయి. "మంట సూడు. ఎప్పటికి పసుపు పచ్చగ లేస్తది. ఊదరంగున్నది. ఎంత దిష్టి తగిలిందో మా నాయినకు."

త్రివేణి చూసింది. నీలి మంట అంచుల మీద, ఉప్పు పడిన చోటల్లా లేత ఊదారంగు లేచి ఆరిపోతున్నది. బి.ఎస్‌సి. రెండో సంవత్సరం, చీకటి చేసిన ప్రయోగశాల, తీగ కొసన తెలియని లవణం. పసుపైతే సోడియం. ఊదా అయితే...

ఆమె స్టీలు డబ్బాలోంచి మామూలు ఉప్పు చిటికెడు తీసి పక్క పొయ్యి వెలిగించి చల్లింది. మంట పసుపుపచ్చగా భగ్గుమంది. సీసాలోంచి చిటికెడు తీసి చల్లింది. ఊదా. మళ్లీ చల్లింది. మళ్లీ ఊదా.

అరలో ఇంకా తెరవని రెండో ప్యాకెట్టు ఉంది. ఆమె దాన్ని వెనక్కి తిప్పింది. జీవితంలో ఇన్ని వేల పెట్టెల వెనక వైపు చదివిన మనిషి, ఆ ప్యాకెట్టు వెనక వైపును మొదటిసారి చదివింది. పదార్థాలు: పొటాషియం క్లోరైడ్. దాని కింద, ఆవగింజంత అక్షరాలతో, మూత్రపిండాల జబ్బున్నవారు దీనిని వాడరాదు.

రెండు పొయ్యిలూ ఆపేసింది.

"ఏమైంది?" అన్నది సక్కుబాయి.

"దిష్టి కాదు అత్తమ్మా. ఈ ఉప్పే. రిపోర్టులో పెరిగేది ఇదే. పదహారు రోజులుగా నేనే పెడుతున్న."

సక్కుబాయి సీసాలో వేలు పెట్టి, నాలుక కొసన అద్దుకున్నది. రోజూ నాలుగిళ్ల వంటలు రుచి చూసే నాలుక అది. ముఖం ముడుచుకుపోయింది.

"సేదు," అన్నది. "మా నాయిన సేదు సేదన్నడట గద. ఎవలూ నోట్లె ఏస్కొని సూడలేదా?"

"ఎవరినీ ముట్టుకోనియ్యలేదు నేను."

సక్కుబాయి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది.

"మీ అమ్మ ఇన్నదా?"

"లేదు. వెనక వాకిట్లో ఉంది."

"అయితే జెప్పకు. ఎవలకు జెప్పకు. సీసా, ప్యాకెట్టు నా సంచిల ఏస్కపోత, నాలుగు బాటల కాడ పారబోస్త, దిష్టిదే గద అంటరు. రేపటి సంది నాయిన మంచిగయితడు. బొండం నా మీద పెట్టిన్రు, గట్లనే ఉండనియ్యి. నేను బోడుప్పల్ల ఉంట, నాకేమయితది. నువ్వు గీ ఇంట్ల ఉండేదానివి. ఆయన చెయ్యి పట్టుకొని దవాఖానాకు తోల్కపోయేదానివి. నీ మీద వాండ్లకు నమ్మకం పోవద్దు."

ఆమె అప్పటికే సీసా మూత బిగిస్తున్నది. త్రివేణికి ముందుగా కలిగింది తేలికైన భావం. దాని వెనువెంటనే, ఆ తేలికదనం ఎవరి భుజాల మీద బరువై కూర్చోబోతున్నదో తెలిసి, చెవులు కాలినంత సిగ్గు. అయిదు రోజులు బతికిన ఒక పసిపిల్ల గుర్తుకు వచ్చింది. మేనత్త చేతిలోంచి సీసాను నెమ్మదిగా తీసుకున్నది.

"ఫోన్ ముందు చెయ్యాలె అత్తమ్మా. తాతకు ఇవాళే మిషన్ పెట్టాలి."

హృషికేశ్ రెండే మాటలు అన్నాడు: "ఆపేయండి. తీసుకురండి." ఆమె ఫోన్ పెట్టేసి, సీసా, ప్యాకెట్టు, నోటుబుక్కు పట్టుకుని హాలులోకి వచ్చింది. కూర్చోలేదు. లైను మీద నిలబడినట్టే నిలబడి, తండ్రి ముందు ప్యాకెట్టు వెనక వైపు పైకి చదివింది. తరువాత నోటుబుక్కు తెరిచి, పదహారు రోజుల తేదీలు ఒక్కొక్కటే చదవసాగింది.

"పదార్థం, కూర. ఇచ్చినవారు, త్రివేణి. సరిచూసినవారు, త్రివేణి." ప్రతి తేదీకీ అదే చదివింది. వేలు జరుపుకుంటూ అయిదో తేదీ దాకా చదివింది.

"చాలు," అన్నాడు దయాకర్.

"ఇంకా పదకొండున్నాయి నాన్నా. అత్తమ్మ బొండం తాపలేదు. అందరి ముందూ అన్నది నేను."

ఆగయ్య మంచం మీది నుంచి సీసాను చూశాడు. "సేదున్నదని అంటనే ఉన్న," అన్నాడు, తనలో తాను. "నా నాలికె సచ్చిందన్నరు."

దయాకర్ లేచాడు. అక్క వంటింటి గడప దగ్గర కొంగు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. గోడ వారగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, దాని మీది పేపరు తీసేసి, తన భుజం మీది తువ్వాలుతో తుడిచాడు.

"కూసో అక్కా," అన్నాడు.

"కూసునే యాళ్లనా ఇది," అన్నది సక్కుబాయి. "నాయినను లేపు. సాయిగాడు ఆటో తిప్పి పెట్టిండు." అయినా ఒక్క క్షణం ఆ కుర్చీ అంచున కూర్చుని, లేచింది.

*

ఆ మధ్యాహ్నం అదనపు డయాలిసిస్ అయింది. మంగళవారం ఉదయానికి అంకె అయిదు పాయింట్ ఒకటికి దిగింది. హృషికేశ్ ఆ కాగితం త్రివేణికి ఇవ్వబోయి, ఆమె సైగ చేసిన మీదట, ఎత్తుపీట మీది మనిషికి ఇచ్చాడు. సక్కుబాయి దాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసి, మడిచి జాకెట్లో పెట్టుకుంది.

బుధవారం ఆమె ఉదయాన్నే వచ్చింది. బోడుప్పల్‌లో రెండిళ్ల వంట చేసుకొని, మిగతా రెండిళ్ల వాళ్లకు పదకొండింటికి వస్తానని చెప్పి వచ్చింది. సొరకాయ ముక్కలు ఉడికించి, నీళ్లు వార్చి, మళ్లీ కొత్త నీళ్లలో ఉడికించి వార్చింది. శారద పక్కన నిలబడి, "గన్ని నీళ్లు పారబోస్తే రుచేముంటది వదినా?" అంటే, "రుచి నేను తెస్త గని, నువ్వు ఆవాలు అందియ్యి," అన్నది.

త్రివేణి డ్యూటీకి తయారై, బ్యాగు భుజానికి వేసుకుని, నోటుబుక్కుతో వంటింట్లోకి వచ్చింది. రాత్రి కొత్త పుట గీసింది. తేదీ, వేళ, పదార్థం, పరిమాణం రాసింది. ఇచ్చినవారు అన్న గడిలో సంతకం చేసింది. కలం మేనత్త వైపు చాచింది.

"ఇక్కడ నువ్వు పెట్టాలె అత్తమ్మా."

"నాకు సంతకమొక్కటే వస్తది. అందులో ఏం రాసి ఉన్నదో తెల్వది."

"చదివి చెప్త." ఆమె నాలుగు గడులనూ పైకి చదివింది. బయట సాయి కుమార్ హారన్ కొడుతున్నాడు. ఎనిమిదిన్నరకు గేటు మూస్తారు. ఆలస్యమైతే పట్టాభిరామయ్య గారి కళ్లజోడు పైకి పోతుంది. నిలబడి ఉన్నా త్రివేణి కాలు ఆడటం మొదలుపెట్టింది.

సక్కుబాయి కలం తీసుకుంది. గడి మీద కొస ఆనించింది. అంతలో ఏదో గుర్తుకు వచ్చినట్టు కలాన్ని తిరిగి మేనకోడలి చేతిలో పెట్టింది.

"ఆగు. ముందుగాల నోట్లె ఏస్కొని సూడనియ్యి."

గరిటెతో కూర కాస్త తీసి అరచేతిలో వేసుకుంది. ఊదింది. ఆవిరి పోయేదాకా ఆగి, మళ్లీ ఊదింది. హారన్ మళ్లీ మోగింది. త్రివేణి కలం పట్టుకుని నిలబడింది.